తల్లి చదువుకూ పుట్టే బిడ్డ తూకానికీ సంబంధం ఉందా? ఆదోని పల్లె నుంచి ఒక అంగన్‌వాడీ టీచర్ ప్రశ్న

ఆదోని టీచరమ్మ:

అందరికీ నమస్కారం. నేను ఆదోని దగ్గర ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచర్‌ని. ఊరి పేరు రాయను. రాస్తే ఎవరింటి గురించి అడుగుతున్నానో మావాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది.

గర్భిణుల బరువు, హెచ్‌బి (రక్తంలో హిమోగ్లోబిన్ అంకె), కాన్పు తేదీ, బిడ్డ పుట్టినప్పటి తూకం ఇవన్నీ నేనే రిజిస్టర్‌లో రాస్తాను. ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో ఎక్కించేదీ నేనే. రాసీ రాసీ ఒక సంగతి కనబడుతోంది. పదో తరగతి, ఇంటర్ చదివి మా ఊరికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళ బిడ్డలు ఎక్కువగా 2.8, 3 కిలోలు ఉంటున్నారు. బడి మొహం చూడనివాళ్ళు, మూడు నాలుగు తరగతుల్లో మానేసినవాళ్ళ బిడ్డలు చాలామంది 2.1, 2.3 దగ్గరే ఆగిపోతున్నారు. మా కేంద్రంలో అందరికీ ఇచ్చేది అదే గుడ్డు, అవే పాలు. ఆశా అక్క ఇచ్చేది అవే ఎర్ర మాత్రలు. మరి తేడా ఎక్కడ వస్తోంది?

మొన్న తల్లుల మీటింగులో ఈ మాటే అన్నాను. ఒక పెద్దమ్మ లేచి, "బిడ్డ తూకం తల్లి తిన్నదాన్ని బట్టి వస్తాది గానీ, పలకా బలపాన్ని బట్టి వస్తాదా టీచరమ్మా?" అంది. అందరూ నవ్వినారు. నాకు నవ్వు రాలేదు. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి సరైన జవాబు నా దగ్గర లేదు.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానంటే, మా వీధిలో తొమ్మిదో తరగతి పాప ఒకతె ఉంది. ఏటా వాళ్ళ అమ్మానాన్న సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు వైపు మిరపకోతలకు పోతారు. ఈసారి పిల్లనూ వెంట తీసుకుపోయినారు. తిరిగొచ్చినాక బడికి పంపలేదు. మేనమామ కొడుకుకు ఇచ్చే మాటలు నడుస్తున్నాయి. "సంతకం వచ్చింది, బస్సు బోర్డు చదువుతుంది, ఇంకేం కావాల?" అంటుంది వాళ్ళ అవ్వ. పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తే కేసు అవుతుందని చెప్పడం నాకు తెలుసు. అట్ల చెబితే భయపడి, పెళ్ళి వేరే ఊర్లో చేసుకొస్తారు. అదీ చూసినాను. వాళ్ళ మనవడి మంచి కోసం చదివించండి అని చెప్పాలని నా ఆశ. కానీ అబద్ధం చెప్పి ఒప్పించడం నాకు ఇష్టం లేదు.

అందుకే అడుగుతున్నా. నిజంగా తల్లి చదువు వల్లే బిడ్డ బాగా పుడుతుందా? లేకపోతే చదివించగలిగిన ఇంట్లో తిండి, డబ్బు ముందే ఉంటాయి కాబట్టి అట్ల కనబడుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కళ్యాణదుర్గం రైతు:

అమ్మా, మీ పెద్దమ్మ చెప్పినదాంట్లో చాలా నిజం ఉంది. మా ఇంట్లో జరిగింది చెబుతా. నా భార్య పదో తరగతి పాసైంది. చదవడం, రాయడం నాకంటే బాగా వచ్చు. మా పెద్దవాడు పుట్టిన ఏడు వానలు ఎగ్గొట్టినాయి. కూలోళ్ళకు ఇచ్చేందుకు డబ్బు లేక, ఎనిమిదో నెల వరకూ ఆమే వంగి చెనిక్కాయ పీకింది. పొద్దున సంగటి ముద్ద, రాత్రి మిగిలింది. వాడు 2.2 కిలోలు పుట్టినాడు. ఆ ఏడు ఆమె చదువు మాకు అక్కరకు రాలేదు. రెండోవాడి నాటికి బోరులో నీళ్ళు పడినాయి, ఇంట్లో బర్రె ఉంది, ఆమెను పొలానికి పంపలేదు. వాడు మూడు కిలోలకు దగ్గరగా పుట్టినాడు. తల్లి అదే, చదువూ అదే.

చదువు వద్దని నేను అనను. నా కూతుర్ని అనంతపురంలో హాస్టల్లో పెట్టి చదివిస్తున్నా. నాకున్న బాధ ఒక్కటే. తూకం తక్కువ బిడ్డ పుడితే "తల్లి చదువుకోలేదు, అందుకే" అని ఆ ఆడబిడ్డ నెత్తిన వేసేస్తారు. ఆమెకు విశ్రాంతి ఇవ్వనిది ఎవరు, తిండి పెట్టనిది ఎవరు అని ఎవరూ అడగరు. మీరు మీటింగులో చెప్పేటప్పుడు మొగుళ్ళను, అత్తమామలను కూడా కూర్చోబెట్టి చెప్పండి.

ఎకనామిక్స్ లెక్చరర్, అనంతపురం:

టీచర్ గారూ, మీరు రెండు ముక్కల్లో అడిగిన ప్రశ్న మీద ఆర్థికవేత్తలు దశాబ్దాలుగా పని చేస్తున్నారు. రైతన్న చెప్పినది కూడా అందులో భాగమే. బావి ఉన్న పొలంలో మేలురకం విత్తనం వేసి పంట బాగా వస్తే, ఆ ఘనత విత్తనానిదా నీళ్ళదా అని తేల్చడం ఎంత కష్టమో ఇదీ అంతే. చదివించే ఇల్లు, తిండి పెట్టే ఇల్లు చాలాసార్లు ఒకటే అయి ఉంటుంది. అందుకే చదివినవాళ్ళ బిడ్డల్ని, చదవనివాళ్ళ బిడ్డల్ని పక్కపక్కన పెట్టి చూసినంత మాత్రాన జవాబు రాదు. మీ రిజిస్టర్‌లో ఉన్న చిక్కు కూడా ఇదే.

ఈ చిక్కు విప్పడానికి పరిశోధకులు ఒక దారి పట్టారు. ఇంటి స్థితితో సంబంధం లేకుండా, బయటి కారణం వల్ల కొందరు ఆడపిల్లలకు మాత్రమే చదువు అందుబాటులోకి వచ్చిన సందర్భాలు వెతికారు. అమెరికాలో జానెట్ కరీ, ఎన్రికో మొరెట్టి అనే ఇద్దరు 2003లో అచ్చువేసిన పరిశోధన ఇట్లాంటిదే. ఒక అమ్మాయికి పదిహేడేళ్ళు వచ్చేసరికి ఆమె ఉన్న కౌంటీలో (మన జిల్లా లాంటిది) కాలేజీలు ఎన్ని తెరిచి ఉన్నాయో చూశారు. దగ్గర్లో కాలేజీ వచ్చినందువల్ల ఎక్కువ చదివిన తల్లులకు తక్కువ బరువు బిడ్డలు, నెలలు నిండని బిడ్డలు పుట్టడం తగ్గింది. ఎందుకు తగ్గిందో కూడా చూశారు. ఆ తల్లులు గర్భంతో ఉన్నప్పుడు డాక్టర్ దగ్గరికి ఎక్కువగా వెళ్ళారు, సిగరెట్ తక్కువ తాగారు, తక్కువ మంది పిల్లల్ని కన్నారు, వాళ్ళకు వచ్చిన భర్తలు కూడా ఎక్కువ చదివినవాళ్ళు.

మనకు ఇంకా దగ్గరగా ఉండేది తైవాన్ కథ. 1968లో అక్కడ నిర్బంధ విద్యను ఆరేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళకు పెంచి, 150కి పైగా కొత్త జూనియర్ హైస్కూళ్ళు తెరిచారు. కొన్ని ప్రాంతాల్లో ఎక్కువ, కొన్నింట్లో తక్కువ. ఆ తేడాను పట్టుకుని లెక్క చూస్తే, తల్లి చదువు పెరిగిన చోట బిడ్డల బరువు మెరుగైంది, పసికందుల మరణాలు తగ్గాయి. ప్రతి వెయ్యి కాన్పులకు దాదాపు ఒక బిడ్డ ప్రాణం నిలిచిందని తేల్చారు. ఆరు నుంచి తొమ్మిది తరగతులు అంటే సరిగ్గా మీ పాప ఉన్న మెట్టు. అందుకే దీన్ని మీకు ప్రత్యేకంగా చెబుతున్నా.

మీరు అబద్ధం చెప్పకూడదన్నారు కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. 2011లో జస్టిన్ మెక్‌క్రరీ, హీథర్ రాయర్ కాలిఫోర్నియా, టెక్సాస్ తల్లుల్ని చూశారు. బడిలో చేర్చుకునే కటాఫ్ తేదీకి ఒకరోజు అటూ ఇటూ పుట్టినందువల్ల కొందరికి కొంచెం ఎక్కువ చదువు, కొందరికి కొంచెం తక్కువ చదువు అబ్బింది. ఆ చిన్న తేడా వల్ల బిడ్డల ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ మార్పేమీ కనిపించలేదు. కాబట్టి ఒక ఏడాది చదువు పెరగ్గానే ఎక్కడైనా బిడ్డ బరువు పెరుగుతుందని చెప్పడం సరికాదు. ఆ అదనపు చదువు అమ్మాయి బతుకులో ఏం మార్చింది అన్నదే అసలు విషయమని నేను అనుకుంటున్నా. చదువు పెళ్ళిని నాలుగేళ్ళు వెనక్కి జరిపే చోట ఫలితం ఒకలా ఉంటుంది. ఎటూ ఏమీ మారని చోట ఇంకోలా ఉంటుంది.

మన దగ్గర ఏమి మారుస్తుందో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది. 2011 జనాభా లెక్కల్లో అప్పటి కర్నూలు జిల్లా ఆడవాళ్ళలో చదవడం రాయడం వచ్చినవాళ్ళు దాదాపు సగం మందే. ఇట్లాంటి చోట తొమ్మిదో తరగతి దగ్గర ఆగడానికీ, పది దాటి ఇంటర్‌లో చేరడానికీ మధ్య ఉండేది ఒక సర్టిఫికెట్ తేడా మాత్రమే కాదు.

ఆదోని టీచరమ్మ:

సార్, ఇంత వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. తైవాన్ సంగతి నోట్‌బుక్‌లో రాసుకున్నా. రైతన్నా, మీ మాట కూడా రాసుకున్నా. మగవాళ్ళను పిలవాలన్నది నిజం. కానీ మా మీటింగుకు మగవాళ్ళు రారు, పిలిస్తే గడప దగ్గర నిలబడి పోతారు.

ఇంకో సందేహం. అవ్వకు తైవాన్ గురించి చెబితే ఏం అర్థమవుతుంది? మన ఊళ్ళలో చదువు ఏ దారిన బిడ్డ దాకా పోతుందో కాన్పులు చూసినవాళ్ళు ఎవరైనా చెబితే బాగుంటుంది.

కడప సిస్టర్:

అమ్మా టీచరమ్మా, నేను కడప జిల్లాలో ఏఎన్‌ఎంగా (ఊళ్ళలో తిరిగే ఆరోగ్య కార్యకర్తగా) చేరి స్టాఫ్ నర్సుగా రిటైరైనాను. చాలా ఏళ్ళు లేబర్ రూమ్‌లోనే పనిచేసినా. మీరడిగిన దారి నేను కళ్ళారా చూసింది, అందుకే కాస్త పెద్దగా రాస్తాను.

మొదటిది వయసు. పదహారేళ్ళ పిల్ల కడుపుతో వస్తే ఆ పిల్ల ఒళ్ళే ఇంకా పెరుగుతూ ఉంటుంది. కడుపులో బిడ్డకు పోవాల్సిన బలానికి తల్లి ఒళ్ళే పోటీ. తొలికాన్పు పంతొమ్మిది, ఇరవై దాటి వస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఇక్కడ బడి చేసే పని చాలా సూటిది. పిల్ల బడిలో ఉన్నన్నాళ్ళు పెళ్ళి మాట వెనక్కి పోతుంది. పాఠంలో ఏముందో తరువాత సంగతి, ముందు ఆ నాలుగేళ్ళు దక్కుతాయి. అవ్వకు చెప్పేటప్పుడు ఇది మొదట చెప్పండి.

రెండోది, ఎప్పుడు వస్తారు అన్నది. గర్భం మొదటి పన్నెండు వారాల లోపలే పేరు రాయించుకోవాలి. చదువుకున్న పిల్ల తేదీలు లెక్క పెట్టుకుని తానే వస్తుంది, "సిస్టర్, ఆఖరుసారి ఫలానా తేదీ" అని చెబుతుంది. ఆ తేదీ లేకపోతే బిడ్డకు నెలలు నిండినాయో లేదో మాకు కూడా సరిగా తెలియదు. 37 వారాలకు ముందే పుట్టిన బిడ్డా, నెలలు నిండి కూడా రెండున్నర కిలోల లోపు పుట్టిన బిడ్డా ఒకటి కాదు, చూసే పద్ధతి వేరు. ఐదో నెలలో, ఆరో నెలలో మొదటిసారి వచ్చే తల్లులు ఉండేవాళ్ళు. అడిగితే "దిష్టి తగులుతుందని చెప్పలేదు" అనేవాళ్ళు. అప్పటికి రక్తం పెంచడానికి మాకు మిగిలే టైం చాలా తక్కువ.

మూడోది మాత్రలు. నాలుగో నెల నుంచి రోజుకు ఒక ఐరన్ మాత్ర, కనీసం 180 రోజులు. ఇస్తాం, సంతకం తీసుకుంటాం. మింగుతుందా లేదా అన్నది ఇంట్లో తేలుతుంది. ఇంటికి పోయి చూస్తే బియ్యం డబ్బాలో మాత్రల అట్టలు అట్లే ఉండేవి. "ఇవి మింగితే బిడ్డ నల్లగా పుడతాది", "బిడ్డ లావై కాన్పు కష్టమౌతాది" అని అత్త చెబుతుంది. పదో తరగతి చదివిన పిల్ల కూడా అత్త మాటకు భయపడుతుంది. కానీ ఆ పిల్ల మళ్ళీ వచ్చి నన్ను అడుగుతుంది, "సిస్టర్, నిజమేనా?" అని. చదువు తేడా నాకు ఇక్కడ బాగా కనబడింది. అడగడం. బడిలో టీచర్ ముందు లేచి నిలబడి మాట్లాడిన అలవాటు, తెల్లకోటు ముందు కూడా నోరు పెగిలేట్టు చేస్తుంది.

ఒక పిల్ల నాకు బాగా గుర్తుంది. పులివెందుల వైపు నుంచి వచ్చింది, పది పాసైంది. తన తల్లీబిడ్డల కార్డు తానే చదువుకుని, "ఇక్కడ హెచ్‌బి 7.8 అని రాసినారు, పదకొండు ఉండాలంట కదా సిస్టర్?" అని అడిగింది. అంతకుముందు చూపించుకున్న చోట ఆ అంకె రాసి పంపించినారే గానీ నోరు తెరిచి చెప్పలేదు. ఆ పిల్ల అడిగింది కాబట్టి వెంటనే డాక్టరమ్మకు చూపించినాం, రక్తం పెరగడానికి సెలైన్‌లో ఐరన్ ఎక్కించినాం. మాత్ర మింగిన వెంటనే టీ తాగొద్దని, క్యాల్షియం మాత్రను ఐరన్‌తో కలిపి వేసుకోవద్దని చెబితే, గోడ మీద రెండు వేళలు రాసి పెట్టుకుంది. బిడ్డ 2.7 కిలోలు. అదే వారంలో అంతే రక్తంతో వచ్చిన ఇంకో పిల్ల, పాపం, కార్డు ప్లాస్టిక్ కవర్‌లో భద్రంగా దాచిపెట్టింది. అందులో ఏముందో ఆమెకూ తెలియదు, ఆమె మొగుడికీ తెలియదు. కాన్పు నాటికి గానీ ఎవరూ చూడలేదు.

నాలుగోది ఎడం. కాన్పుకూ తరువాత కడుపుకూ మధ్య కనీసం రెండేళ్ళు ఉండాలి. తల్లి ఒళ్ళు కోలుకోకముందే మళ్ళీ నీళ్ళోసుకుంటే రెండో బిడ్డ తూకం మీద పడుతుంది. ఎడం పాటించాలంటే ఆమెకు సంగతి తెలియాలి, మొగుడితో ఆ మాట ఎత్తే ధైర్యం ఉండాలి. లెక్చరర్ సారు భర్త చదువు గురించి చెప్పినారే, అదీ నిజం. చదువుకున్న పిల్లకు చదువుకున్నవాడు దొరుకుతాడు. అట్లాంటివాడితో మేం నేరుగా మాట్లాడవచ్చు.

అక్కడ సిగరెట్ అన్నారు, మన ఆడవాళ్ళు సిగరెట్ తాగరు కదా అనుకోవద్దు. కట్టెల పొయ్యి పొగ ఉంది, ఆకువక్కలో పొగాకు ఉంది. రెండూ కడుపులో బిడ్డ తూకం తగ్గిస్తాయి. ఈ మాట చెబితే అవ్వలు కూడా వింటారు.

రైతు అన్న చెప్పినదానికి నేను చేతులెత్తి ఒప్పుకుంటా. ఎంత చదివినా తిండి, విశ్రాంతి లేకపోతే బిడ్డకు బరువు రాదు. ఇంజనీరింగ్ చదివిన తల్లికి బీపీ పెరిగి, నెలలు నిండకుండానే రెండు కిలోల లోపు బిడ్డ పుట్టడం కూడా చూసినా. కవలలైనా అంతే. కాబట్టి తూకం తక్కువ బిడ్డను ఎత్తుకున్న ఏ తల్లినీ "నువ్వెంత చదివినావు?" అని అడగొద్దు. ఆ ప్రశ్న అడగాల్సింది పెళ్ళికి ముందు, ఆమె అమ్మానాన్నలను.

మేనరికం సంగతి కూడా విన్నాను. వరసైనవాళ్ళే, రక్తం దగ్గరిది. పుట్టే పిల్లలకు వంశపారంపర్య జబ్బులు వచ్చే అవకాశం కొంత ఎక్కువ. చిన్న వయసు, రక్తహీనత, దగ్గరి చుట్టరికం మూడూ కలిస్తే మాకు చాలా దిగులుగా ఉండేది. అది కూడా సమయం చూసి, నెమ్మదిగా చెప్పండి.

పత్తికొండ అమ్మ:

టీచరమ్మా, నేను చదివింది ఏడో తరగతి వరకే. ఇది కూడా మా చెల్లెలి కొడుకు పక్కన కూర్చుంటే, నేను చెబుతుంటే వాడు సరిచేస్తూ రాస్తున్నాడు. నా మాట కూడా వినండి.

మా ఊళ్ళో ఏడు వరకే ఉండేది. హైస్కూలు వంక దాటి పోవాల. వానాకాలం వంక వస్తే రెండు రోజులు దారి ఉండదు. మా అన్నను సైకిలెక్కించి పంపినారు, నన్ను పత్తి ఏరేదానికి పంపినారు. పదిహేడేళ్ళకు తొలికాన్పు. పిల్ల ఒకటిన్నర కిలోలకు కొంచెం ఎక్కువ. పుట్టగానే నాకు చూపించకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోయి పెట్టెలో పెట్టినారు. నా బిడ్డకు ఏమైందో ఎవరూ నాకు చెప్పలేదు. కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. నీకు సంతకం వచ్చా అని కూడా ఎవరూ అడగలేదు. ఆ బాధ ఇప్పటికీ నాకు తగ్గలేదు.

తరువాత ఒక నర్సమ్మ, దేవత లాంటి మనిషి, బిడ్డను నా రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు ఆనించి కట్టింది. రాత్రీ పగలూ అట్లే పెట్టుకోమంది. స్నానం పోయొద్దు, తేనె నాకించొద్దు, నీ పాలే పిండి పట్టు అంది. అట్లే చేసినా. నా బిడ్డ బతికింది. ఇప్పుడు ఎనిమిదో తరగతి, లెక్కల్లో ఫస్టు.

రెండోవాడికి నేను తొందరపడలేదు. మా ఆయనకు నేనే చెప్పినా, పిల్ల మూడేళ్ళది అయ్యేదాకా వద్దని. ఈసారి మా ఆశా అక్కను పట్టుకుని కార్డులో ఏ గడిలో ఏముందో నేర్పించుకున్నా. అక్షరాలు మరిచిపోలేదు, కూడబలుక్కుని చదివినా. ప్రతి నెలా తొమ్మిదో తారీకున పెద్ద డాక్టర్లు చూస్తారని తెలిసి ఆ రోజు కూలి పోయినా సరే పోయినా. గోగాకు, బెల్లం, వేయించిన చెనిక్కాయలు, రాగి సంగటి, కేంద్రంలో గుడ్డు. అన్నీ మానకుండా తిన్నా. కేంద్రంలోని గుడ్డు ఇంటికి తెచ్చి పిల్లకు పెట్టాలని మనసు పీకేది. మా టీచర్ ఎదురుగా కూర్చుని తినిపించేది. వాడు రెండున్నర దాటి పుట్టినాడు.

నేను చెప్పేది ఏమంటే, చదువు ఆగిపోయిన తల్లికి కూడా నేర్పితే వస్తాది. మీ ఊళ్ళో బడికి పోనివాళ్ళను వదిలేయొద్దు. కానీ నాకు ఏడు తరగతులు వచ్చి ఉన్నందుకే ఆ కార్డు మళ్ళీ చదవగలిగినా. అసలు రానివాళ్ళకు ఇంకా కష్టం. ఆ పాపను మాత్రం బడి మాన్పించనీయొద్దు తల్లీ. నా తరఫున చెప్పు వాళ్ళ అవ్వకు.

ఆదోని టీచరమ్మ:

అక్కా, మీ మాటలు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయినా. మా కేంద్రంలో కూడా కొందరు గుడ్డు కొంగులో దాచుకుని పోతారు. రేపటి నుంచి ఎదురుగా కూర్చోబెట్టి తినిపిస్తా. గర్భిణులందరికీ నెలకోసారి కార్డు చదవడం నేర్పిద్దామని మా ఆశా అక్కతో మాట్లాడినా, ఆమె సరే అంది. హెచ్‌బి గడి, బరువు గడి, కాన్పు తేదీ, ఎప్పుడు పరుగెత్తాలో చెప్పే బొమ్మలు. బడికి పోనివాళ్ళకు కూడా అంకెలు తెలుసు, కూలి లెక్క వేసుకుంటారు కదా, అక్కడి నుంచి మొదలుపెడతాం.

ఆ ఇంటికి నిన్న సాయంత్రం పోయినాను. సిస్టర్ చెప్పినట్టు వయసు సంగతి ముందు ఎత్తినా. అవ్వ, "నేను పద్నాలుగేళ్ళకు వచ్చినా, నాకేమైంది?" అంది. ఎన్ని కాన్పులు అవ్వా అని అడిగినా. చెప్పింది. ఎంతమంది మిగిలినారు అని అడగలేదు, ఆమే చెప్పింది. తరువాత కొంచెం మెత్తబడింది గానీ సరే అనలేదు. పాప వాళ్ళ అమ్మ మాత్రం నా వెంట వీధి మలుపు దాకా వచ్చింది. "పది దాకా చదివించాలని నాకూ ఉంది. మేము సుగ్గికి పోతే వయసొచ్చిన పిల్లను ఎవరి దగ్గర వదలాల?" అంది. చదువు మీద అయిష్టం కాదు, ఆమెకు ఉన్నది భయం. నాలుగు నెలలు ఆ పిల్ల ఎక్కడ ఉండాల అన్నదానికి జవాబు దొరికితే మాట నిలబడుతుంది. దీనికి ఎవరికైనా దారి తెలుసా?

కస్తూర్బాలో చదివినదాన్ని:

అక్కా, నేను కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలోనే పది చదివినా. మాది కూడా సుగ్గికి పోయే ఇల్లే. ఆడపిల్లలకు ఉండటం, తినడం అన్నీ అక్కడే, ఫీజు లేదు. బడి మధ్యలో మానేసినవాళ్ళను, వలస పోయే ఇళ్ళ పిల్లలను ముందు చూస్తారు. కొత్త అడ్మిషన్లు ఆరో తరగతికి, ఇంటర్ మొదటి ఏడాదికి ఉంటాయి. మధ్య తరగతుల్లో ఎవరైనా మానేసి సీటు ఖాళీ అయితే ఆ సీట్లకు కూడా తీసుకుంటారు. మీ మండలం ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో, దగ్గర్లోని కస్తూర్బా స్పెషల్ ఆఫీసర్ మేడం దగ్గర తొమ్మిదిలో ఖాళీ ఉందా అని వెంటనే అడగండి. ఆధార్, రేషన్ కార్డు, కుల సర్టిఫికెట్, పాత బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ తీసి పెట్టుకోండి.

సీటు దొరక్కపోతే సీజనల్ హాస్టల్ గురించి అడగండి. వలస నెలల్లో అమ్మానాన్న ఊళ్ళో లేని పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడుల పథకం కింద పెడతారు. మీ వైపు వలస పోయే ఇళ్ళు ఎక్కువ కాబట్టి, పిల్లల పేర్ల లిస్టు మీరే రాసి హెడ్‌మాస్టర్ గారికి ఇస్తే పని తొందరగా అవుతుంది. ఆ పాప ఒక్కతే కాదు కదా.

వాళ్ళ అమ్మకు నమ్మకం కుదరాలంటే ఒక ఆదివారం హాస్టల్‌కు తీసుకుపోయి చూపించండి. గేటు, వార్డెన్, పడుకునే గది, బాత్‌రూమ్ తలుపు గొళ్ళెం అన్నీ మా అమ్మ తానే చూసుకుంది. అప్పుడే నన్ను వదిలింది.

ఆదోని టీచరమ్మ:

ధన్యవాదాలమ్మా. రేపు పొద్దున్నే ఎంఈఓ ఆఫీసుకు పోతున్నా. మా వీధిలోనే ఇట్లాంటి పిల్లలు ఇంకొందరు ఉన్నారు, రాత్రి కూర్చుని లిస్టు రాసినా. సీజనల్ హాస్టల్‌కు హెడ్‌మాస్టర్ సంతకంతో పాటు ఇంకేమైనా కావాలంటే ఇక్కడే రాయండి, ఆఫీసు దగ్గర నుంచే చూసుకుంటా.